మొబైల్ బ్రౌజర్: సదుపాయాల చరిత్ర, చరిత్ర అధ్యయనంలో వాటి వినియోగం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• మొబైల్ బ్రౌజర్‌లోని ముఖ్య సదుపాయాలు ఏ ఇబ్బందులకు పరిష్కారంగా పుట్టాయో వివరించగలుగుతారు.
• తెలుగు లిపి ఫోన్ తెర మీదికి చేరిన క్రమాన్ని తేదీలతో సహా చెప్పగలుగుతారు.
• ఒక వెబ్ పేజీని చారిత్రక ఆధారంగా పరీక్షించడానికి ఆ సదుపాయాలను వాడగలుగుతారు.

1. పరిచయం

మెదక్ జిల్లా జనాభా ఎంత? ఈ ప్రశ్నను ఫోన్‌లో వెతికితే రెండు అంకెలు ఎదురవుతాయి. ఒక పేజీలో 30,33,288 అని, మరో పేజీలో 7,67,428 అని ఉంటుంది. రెండూ 2011 జనాభా లెక్కల అంకెలే. రెండూ సరైనవే. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాల పునర్విభజన జరిగింది. అంతవరకు సంగారెడ్డి ముఖ్య పట్టణంగా ఉన్న పాత మెదక్ జిల్లా మెదక్, సంగారెడ్డి, సిద్దిపేట అనే మూడు జిల్లాలయింది. మెదక్ పట్టణం కొత్త మెదక్ జిల్లాకు కేంద్రమయింది. మొదటి అంకె పాత జిల్లాది. రెండోది కొత్త జిల్లాది. కొత్త జిల్లా జనాభా పాతదానిలో దాదాపు నాలుగో వంతు మాత్రమే.

పేజీ ఎప్పటిదో చూడకుండా అంకెను ఎత్తి రాసిన విద్యార్థి జిల్లాను నాలుగింతలు చేసి చూపిస్తాడు. అతనికి కావలసిన సమాచారమంతా ఫోన్‌లోనే ఉంది. దాన్ని పరీక్షించే సాధనాలు కూడా ఆ ఫోన్‌లోనే, బ్రౌజర్ మెనూలోనే ఉన్నాయి. అయితే చాలామంది ఆ మెనూను తెరవరు. వెతుకు పెట్టెలో మాట కొట్టి, మొదట వచ్చినదాన్ని చదివి ఆపేస్తారు.

తరగతి గదిలో చదివే విద్యార్థికి సందేహం వస్తే అడగడానికి అధ్యాపకుడు ఎదురుగా ఉంటాడు. 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడినప్పుడు ఆ లోటును అచ్చు పుస్తకాలు, ఆకాశవాణి పాఠాలు, అధ్యయన కేంద్రాల తరగతులు కొంతవరకు తీర్చాయి. నేటి దూరవిద్య విద్యార్థికి వీటితోపాటు ఫోన్ తోడయింది. పెద్ద గ్రంథాలయం అందుబాటులో లేనివారికి అదే గ్రంథాలయం. కనుక బ్రౌజర్‌ను సరిగా వాడడం తెలియాలి. ప్రతి సదుపాయం ఎందుకు పుట్టిందో తెలిస్తే అది మనకు ఏమి చూపిస్తుందో, ఏమి దాస్తుందో అర్థమవుతుంది. ఈ పాఠం సారం ఇదే. ఉదాహరణలను మెదక్ పట్టణం నుంచి తీసుకున్నాం. మీరు మీ ఊరిని ఆ స్థానంలో ఉంచి ఇదే పద్ధతిని పాటించవచ్చు.

2. బ్రౌజర్ పుట్టుక

వెబ్ ఆలోచన పరిశోధకుల అవసరం నుంచి వచ్చింది. జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ, వేర్వేరు కంప్యూటర్లలో చెదిరి ఉన్న పత్రాలను లంకెలతో కలిపే ప్రతిపాదనను 1989లో సమర్పించాడు. 1990లో తొలి బ్రౌజర్‌ను తయారు చేశాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ సాంకేతికతను రుసుము లేకుండా ఎవరైనా వాడుకునేలా ప్రజలకు విడిచిపెట్టింది. వెబ్ వేగంగా వ్యాపించడానికి ఈ నిర్ణయం ఒక ముఖ్య కారణం. అదే ఏడాది అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొజాయిక్ బ్రౌజర్, 1994లో నెట్‌స్కేప్ నావిగేటర్, 1995లో మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాయి.

భారతదేశంలో రెండు ఘటనలు పదిహేను రోజుల తేడాతో జరిగాయి. 1995 జులై 31న కలకత్తా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో తొలి మొబైల్ సంభాషణ జరిపారు. ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించింది. ఫోనూ ఇంటర్నెట్టూ ఒకే ఏడాదిలో వచ్చినా చాలాకాలం వేర్వేరు దారుల్లోనే నడిచాయి. బ్రౌజర్ అంటే బల్ల మీది కంప్యూటర్‌కు సంబంధించిన వస్తువు. ఫోన్ అంటే మాట్లాడే సాధనం.

3. చిన్న తెర, నెమ్మది నెట్‌వర్క్

రెండు దారులనూ కలిపే ప్రయత్నం వ్యాప్ అనే పద్ధతితో మొదలయింది. 1999లో వచ్చిన నోకియా 7110 వ్యాప్ బ్రౌజర్ ఉన్న తొలి ఫోన్లలో ఒకటి. దాని చిన్న తెర మీద మామూలు వెబ్ పేజీ పట్టదు. అందుకని ఫోన్ల కోసం ప్రత్యేకంగా రాసిన కొద్దిపాటి పేజీలే కనిపించేవి. ఫోన్ వాడకందారుకు అసలు వెబ్ అందలేదు, దాని ముక్క మాత్రమే అందింది.

ఈ స్థితిని మార్చినవాటిలో నార్వేకు చెందిన ఒపెరా మినీ ముఖ్యమైనది. 2006 జనవరిలో ఇది ప్రపంచమంతటా విడుదలయింది. జావా నడిచే చవక ఫోన్లలో కూడా పనిచేసేది. దీని పద్ధతి గమనించదగినది. మీరు కోరిన పేజీని ఫోన్ నేరుగా తెచ్చుకోదు. ఒపెరా సంస్థ సర్వర్ ఆ పేజీని తెచ్చి, కుదించి, ఫోన్‌కు పంపుతుంది. దీనివల్ల డేటా 90 శాతం వరకు తగ్గుతుందని సంస్థ చెప్పుకొంది. టూజీ నెట్‌వర్క్ మీద, కిలోబైట్ల లెక్కన డబ్బు కట్టే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

అయితే ఈ సౌకర్యానికి ఒక మూల్యం ఉంది. పేజీకీ పాఠకుడికీ మధ్య మూడో వ్యక్తి వచ్చి నిలబడ్డాడు. బొమ్మల నాణ్యత తగ్గింది. పేజీ రూపం మారింది. మీరు ఏమి చదువుతున్నారో మధ్యనున్న సర్వర్‌కు తెలుస్తుంది. డేటా పొదుపు చేసే సదుపాయాలను వాడేటప్పుడు ఈ విషయం గుర్తుంచుకోవాలి.

2007 జూన్ 29న అమెరికాలో విడుదలైన ఐఫోన్ వేరే మార్గం పట్టింది. పేజీని కుదించి పంపకుండా, మొత్తం పేజీని చూపించి, వేళ్లతో పెద్దది చేసుకునే వీలు కల్పించింది. 2010లో ఈథన్ మార్కాట్ అనే రూపకర్త, తెర వెడల్పును బట్టి పేజీయే తన రూపం మార్చుకునే పద్ధతిని ప్రతిపాదించాడు. నేడు చాలా వెబ్‌సైట్లు ఈ పద్ధతిలోనే ఉన్నాయి. కంప్యూటర్ మీద పక్కపక్కన కనిపించే అంశాలు ఫోన్‌లో ఒకదాని కింద ఒకటి వస్తాయి. కొన్నింటిని సైటు నిర్వాహకులు ఫోన్‌లో కనబడకుండా కూడా చేస్తారు.

4. తెలుగు అక్షరం ఫోన్ తెరకు చేరిన క్రమం

ఇంగ్లీషు పాఠకుడికి చిన్న తెర, నెమ్మది నెట్‌వర్క్ అనే రెండే అడ్డంకులు. తెలుగు పాఠకుడికి మూడోది కూడా ఉంది. అది లిపి. తెలుగులో గుణింతాలు, వత్తులు హల్లుతో కలిసి ఒకే ఆకారంగా కనిపించాలి. వాటిని వరుసగా పక్కపక్కన పేరిస్తే చదవడానికి వీలుకాదు.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు స్థానం దక్కింది. కాని స్థానం దక్కడం వేరు, తెర మీద కనిపించడం వేరు. తొలినాటి తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తమ సొంత ఫాంట్లు వాడాయి. ఇంగ్లీషు అక్షరాల సంకేతాల చోట తెలుగు ఆకారాలు పెట్టిన ఫాంట్లవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో వార్త అర్థంలేని గుర్తుల గుంపుగా కనిపించేది. ఒక పత్రిక ఫాంట్ మరో పత్రికకు పనికిరాదు. వార్తలో ఒక పేరును వెతకడం కుదరదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అనే యూనికోడ్ ఫాంట్ వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయింది. పాత ఫాంట్ల వార్తలను యూనికోడ్‌లోకి మార్చి చూపే ‘పద్మ’ అనే పొడిగింపు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తయారయింది. బ్రౌజర్ సదుపాయం ఒకటి తెలుగు పాఠకుడి అవసరం నుంచే పుట్టిందనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇవన్నీ కంప్యూటర్‌కు సంబంధించినవి. ఫోన్‌లో వాడకందారు ఫాంట్‌ను ఎక్కించుకునే వీలు సాధారణంగా ఉండేది కాదు. తెలుగు పేజీ తెరిస్తే ఖాళీ డబ్బాల వరుసలు కనిపించేవి. ఇక్కడ ఒపెరా మినీలోని ఒక సెట్టింగు అక్కరకు వచ్చింది. చిరునామా పెట్టెలో ఒక సంకేతం కొట్టి, లోపలి సెట్టింగుల పేజీ తెరిచి, సంక్లిష్ట లిపులను బొమ్మలుగా చూపమని ఎంచుకోవాలి. అప్పుడు సర్వర్ తెలుగు అక్షరాలను బొమ్మగా మార్చి పంపేది. ఫోన్‌కు తెలుగు రాకపోయినా పాఠకుడు చదువుకోగలిగేవాడు. ఆ చిట్కా ఒకరి నుంచి ఒకరికి చేరింది. అయితే బొమ్మగా వచ్చిన అక్షరాన్ని వెతకలేం, నకలు తీసుకోలేం. చదవడం వరకే దాని ఉపయోగం.

ఆండ్రాయిడ్ వేదికలోనే తెలుగుకు మద్దతు 2012 జులైలో విడుదలైన 4.1 కూర్పుతో వచ్చింది. యూనికోడ్‌లో చోటు దక్కిన 21 ఏళ్లకు ఇది జరిగింది. ఆ తరువాత కూడా ప్రయాణం పూర్తిగా సాఫీగా సాగలేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరానికి సంబంధించిన ఒక ప్రత్యేక సంకేత వరుస తెర మీదికి వస్తే ఐఫోన్లలోని సందేశాల యాప్‌లు ఆగిపోయేవి. ప్రపంచ వార్తా సంస్థలు ఈ తెలుగు అక్షరం గురించి రాశాయి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న దిద్దుబాటు విడుదల చేసింది. ‘జ్ఞానం’ అనే మాటలోని మొదటి అక్షరం సాఫ్ట్‌వేర్‌కు కొరుకుడు పడలేదన్నమాట. ఒక భాషను వేదిక నిర్మాణంలో ఆలస్యంగా చేర్చినప్పుడు ఇలాంటి లోపాలు చాలాకాలం దాగి ఉంటాయి.

2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా ధరలు భారీగా పడిపోయాయి. చిన్న పట్టణాల్లో, పల్లెల్లో ఫోన్ ద్వారానే తొలిసారి వెబ్ చూసినవారి సంఖ్య పెరిగింది. డేటా పొదుపు అవసరం తగ్గింది. క్రోమ్ తన డేటా పొదుపు సదుపాయాన్ని 2022లో తొలగించింది. అంతకుముందే, 2020 జూన్ 29న కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌లలో మన దేశంలో బాగా వాడుకలో ఉన్న యూసీ బ్రౌజర్ ఒకటి. సదుపాయాలు వస్తాయి, పోతాయి. వాటి వెనుక ధరలూ, రాజకీయాలూ ఉంటాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) ఒపెరా మినీ పేజీని ఫోన్‌కు చేర్చే పద్ధతి ఏది? దాని లాభనష్టాలు రెండేసి రాయండి.
(ఆ) యూనికోడ్‌లో తెలుగు ఉండి కూడా ఫోన్‌లో కనిపించకపోవడానికి కారణమేమి?

5. సదుపాయాల వినియోగం: మెదక్ ఉదాహరణలు

5.1 పేజీలో కనుగొనండి

పొడవైన పేజీలో కావలసిన మాటను పట్టుకునే సదుపాయం ఇది. బ్రౌజర్‌లో పైమూల మూడు చుక్కల మెనూలోనో, అడుగున ఉన్న మెనూలోనో ఉంటుంది. తెలుగులో దీన్ని వాడేటప్పుడు ఒక మెళకువ అవసరం. మన మాటలకు విభక్తులు అతుక్కుంటాయి, పేర్లకు ఒకటికి మించి రాతలు ఉంటాయి. ‘మెదక్’ అని కొడితే ‘మెదకు’ అని రాసిన చోటు దొరకదు. ‘మెద’ అని మాత్రమే కొడితే రెండూ దొరుకుతాయి. స్కాన్ చేసిన పుస్తకాల పేజీల్లో ఏమీ దొరకకపోవచ్చు. అక్కడ అక్షరాలు బొమ్మలుగా ఉంటాయి. దొరకలేదంటే ఆ విషయం పుస్తకంలో లేదని తేల్చకూడదు.

5.2 ట్యాబ్‌లు

ఒకేసారి అనేక పేజీలు తెరిచి పోల్చడానికి ట్యాబ్‌లు ఉపకరిస్తాయి. ఆధారాలను పక్కపక్కన పెట్టి చూడడం చరిత్రకారుని మొదటి పని. మెదక్ చర్చినే తీసుకోండి. ఇంగ్లండు నుంచి వచ్చిన మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో, కరవు రోజుల్లో ప్రజలకు పని, తిండి కల్పిస్తూ దీన్ని కట్టారు. 1924 డిసెంబరు 25న ఇది ప్రారంభమయింది. ఈ విషయంలో పేజీలన్నీ ఏకీభవిస్తాయి. కాని గంటగోపురం ఎత్తును కొన్ని పేజీలు 173 అడుగులంటే, మరికొన్ని 175 అంటాయి. రెండు అడుగుల తేడా చిన్నదే కావచ్చు. ఏ పేజీ దేనిని చూసి రాసిందో తెలుసుకోవడానికి అలాంటి తేడాలే ఆనవాళ్లు. ఒకే తప్పును పది పేజీలు అదే వాక్యంతో రాస్తే అవి పది ఆధారాలు కావు, ఒకే ఆధారానికి పది నకళ్లు.

ఇంకొక మాట కూడా తరచూ కనిపిస్తుంది. మెదక్ ఆసియాలోకెల్లా పెద్దదనీ, వాటికన్ తరువాత ప్రపంచంలో రెండోదనీ అంటారు. ట్యాబ్‌లు తెరిచి పోల్చితే కొందరు ఈ మాటను చర్చి భవనానికి, మరికొందరు డయోసీస్‌కు వర్తింపజేయడం గమనిస్తారు. డయోసీస్ అంటే ఒక బిషప్ అధికార పరిధిలోని ప్రాంతం. అది భవనం కాదు. పైగా మెదక్ డయోసీస్ 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి చెందినది. వాటికన్ రోమన్ కాథలిక్కుల కేంద్రం. పోలిక దేనికీ దేనికీ మధ్యనో, దేన్ని కొలిచి చెప్పారో స్పష్టం కానంతవరకు ఆ వాక్యాన్ని మీ వ్యాసంలో వాస్తవంగా రాయకూడదు. ‘అని ప్రచారంలో ఉంది’ అని రాయవచ్చు.

5.3 డెస్క్‌టాప్ సైట్

దీన్ని ఎంచుకుంటే బ్రౌజర్ తాను కంప్యూటర్‌నని వెబ్‌సైట్‌కు చెప్పుకొంటుంది. ఫోన్ రూపంలో కనబడకుండా పోయిన పట్టికలు, పక్క మెనూలు ఇందులో కనిపించవచ్చు. ప్రభుత్వ గణాంకాల పట్టికలు చూసేటప్పుడు ఇది బాగా ఉపయోగం. ఫోన్‌లో పట్టిక కుడివైపు నిలువు వరుసలు తెర బయట ఉండిపోతే, గ్రామీణ జనాభాను మొత్తం జనాభాగా పొరబడే ప్రమాదం ఉంది.

5.4 రీడర్ రూపం, అక్షరాల పరిమాణం

ప్రకటనలు, మెనూలు తీసివేసి పాఠాన్ని మాత్రమే చూపే పద్ధతి 2009లో రీడబిలిటీ అనే చిన్న పనిముట్టుగా మొదలయింది. 2010లో సఫారీ దీన్ని బ్రౌజర్‌లో భాగం చేసింది. వత్తులు ఎక్కువగా ఉండే తెలుగు పాఠాన్ని అక్షరాల పరిమాణం పెంచి చదివితే కంటికి శ్రమ తగ్గుతుంది. అయితే రీడర్ రూపం కొన్నిసార్లు ప్రచురణ తేదీని, బొమ్మల కింది వివరణలను, అధోజ్ఞాపికలను కూడా తీసివేస్తుంది. చదవడానికి రీడర్ రూపం, ఆధారాన్ని నమోదు చేసుకోవడానికి అసలు రూపం అని గుర్తుంచుకోండి.

5.5 అనువాదం

గూగుల్ అనువాద సేవలో తెలుగు 2011 జూన్‌లో చేరింది. 2017లో కొత్త పద్ధతి రావడంతో నాణ్యత మెరుగుపడింది. ఇంగ్లీషు పేజీ విషయం స్థూలంగా గ్రహించడానికి ఇది సహాయపడుతుంది. కాని పాత గెజిటీర్ల భాష దీనికి చిక్కదు. దక్షిణ భారత గెజిటీర్లలో ‘ట్యాంక్’ అంటే చెరువు. నీళ్ల తొట్టి కాదు, యుద్ధ శకటం అంతకన్నా కాదు. అలాగే 1865 నాటి జిల్లాబందీ తరువాత నిజాం రాజ్యంలో అవ్వల్ తాలూక్‌దార్ అంటే జిల్లా పాలనాధికారి. పేరు చూసి తాలూకా అధికారి అనుకుంటే పాలనా వ్యవస్థే తలకిందులవుతుంది. అనువాదం చదివాక ముఖ్యమైన వాక్యాలను మూలంలో ఒకసారి చూడండి. నిఘంటువు పక్కన ఉంటే చాలు.

5.6 భద్రపరచడం, పాత ప్రతులు

పేజీని ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేనప్పుడు కూడా చదువుకోవచ్చు. క్రోమ్ ఫోన్లలో ఈ వీలు 2016 చివర్లో వచ్చింది. బుక్‌మార్క్ దీనికి భిన్నమైనది. బుక్‌మార్క్ చిరునామాను మాత్రమే దాస్తుంది. రేపు ఆ పేజీ మారితే మారిన పేజీయే తెరుచుకుంటుంది. డౌన్‌లోడ్ చేసినది ఆ రోజు ఉన్నట్టే ఉంటుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి వెబ్ పేజీల పాత ప్రతులను సేకరిస్తోంది. 2001 నుంచి వాటిని ప్రజలు చూడగలుగుతున్నారు. జిల్లా పేజీ 2016కు ముందు ఎలా ఉందో అక్కడ వెతకవచ్చు. పరిచయంలో చెప్పిన రెండు అంకెల చిక్కు ఇలా విడిపోతుంది. తెలుగు వికీపీడియా వ్యాసాలకు అడుగున ‘చివరి మార్పు’ వివరం ఉంటుంది. దాన్ని నొక్కితే ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో తెలుస్తుంది.

5.7 ఇన్‌కాగ్నిటో, తాళం గుర్తు

చదివిన పేజీల జాబితాను మిగల్చని పద్ధతి 2005లో సఫారీలో, 2008లో క్రోమ్‌లో వచ్చింది. ఇంట్లో ఒకే ఫోన్‌ను నలుగురు వాడేచోట, నెట్ సెంటర్‌లో పరీక్ష రుసుము కట్టేటప్పుడు ఇది అవసరం. అయితే ఇది మిమ్మల్ని అదృశ్యం చేయదు. నెట్ ఇచ్చే సంస్థకు, మీరు చూసిన వెబ్‌సైట్‌కు మీ రాకపోకలు తెలుస్తూనే ఉంటాయి. పరిశోధన చేసేటప్పుడు మాత్రం మామూలు పద్ధతే మేలు. చూసిన పేజీల చరిత్ర మీకు పని దినచర్యగా ఉపయోగపడుతుంది.

చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తు, మీకూ వెబ్‌సైట్‌కూ మధ్య సమాచారం గోప్యంగా నడుస్తోందని మాత్రమే చెబుతుంది. ఆ వెబ్‌సైట్ నమ్మదగినదని చెప్పదు. చాలామంది అలా పొరబడుతున్నందువల్లనే 2023లో క్రోమ్ ఆ గుర్తును మార్చింది. తాళం ఉన్న పేజీలో కూడా అబద్ధం ఉండవచ్చు.

6. సారాంశం

మొబైల్ బ్రౌజర్ సదుపాయాలు ఒక్కొక్కటీ ఒక్కో లోటు నుంచి పుట్టాయి. నెట్‌వర్క్ నెమ్మదిగా ఉన్నందున కుదింపు, తెర చిన్నదైనందున రూపం మార్పు, లిపి లేనందున బొమ్మ అక్షరాలు, భాష తెలియనందున అనువాదం వచ్చాయి. ఇవన్నీ పేజీని మనకు దగ్గర చేశాయి. అదే సమయంలో పేజీని ఎంతో కొంత మార్చాయి. శాసనానికి తీసిన నకలును శాసనంతో సరిచూసినట్టే, ఫోన్‌లో చూసిన పేజీని దాని అసలు రూపంతో, తేదీతో, ఇతర పేజీలతో సరిచూడాలి. తెలుగు అక్షరం ఫోన్‌కు చేరడానికి రెండు దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు అది చేతిలో ఉంది. దానితో మన ఊరి చరిత్రను ఇతరులు రాసినట్టు ఒప్పుకోవడమా, పరీక్షించి మనమే రాయడమా అన్నది విద్యార్థి శ్రద్ధ మీద ఆధారపడి ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) బుక్‌మార్క్‌కూ డౌన్‌లోడ్‌కూ గల తేడాను చారిత్రక ఆధారం దృష్టితో వివరించండి.
(ఆ) తాళం గుర్తు దేనికి హామీ ఇస్తుంది? దేనికి ఇవ్వదు?

అభ్యాసం
మీ ఊరిలోని ఒక కోట, గుడి, మసీదు, చర్చి లేదా చెరువును ఎంచుకోండి. దాని గురించి కనీసం మూడు వెబ్ పేజీలను ట్యాబ్‌లలో తెరవండి. నిర్మాణ కాలం, కట్టించినవారు, కొలతలు అనే మూడు అంశాల్లో అవి ఎక్కడ ఏకీభవిస్తున్నాయో, ఎక్కడ విభేదిస్తున్నాయో పట్టికగా రాయండి. ప్రతి పేజీ తేదీని, మీరు చూసిన తేదీని నమోదు చేయండి. ఆ తరువాత ఆ స్థలానికి వెళ్లి, శాసనంగాని శిలాఫలకంగాని ఉంటే చదివి, మీ పట్టికతో సరిచూసి, రెండు పుటల వ్యాసం రాయండి.

పదకోశం
బ్రౌజర్: వెబ్ పేజీలను తెచ్చి చూపే సాఫ్ట్‌వేర్. తెలుగులో విహరిణి అని కూడా అంటారు.
సర్వర్: కోరిన సమాచారాన్ని ఇతర యంత్రాలకు పంపే కంప్యూటర్.
యూనికోడ్: ప్రపంచ లిపుల్లోని ప్రతి అక్షరానికి ఒక సంఖ్యను కేటాయించే ఉమ్మడి ప్రమాణం.
జిల్లాబందీ: సాలార్‌జంగ్ కాలంలో నిజాం రాజ్యాన్ని జిల్లాలుగా విభజించిన పాలనా ఏర్పాటు.